సిపాయి సాక్ష్యము

ఢిల్లీ నగరమున తీన్‌మూర్తి యను కూడలిలో ఒక రాతి స్తంభమును చుట్టి ముగ్గురు సైనికుల కంచు విగ్రహములు నిలిచియున్నవి. 1922లో వానిని నెలకొల్పిరి. మొదటి మహాయుద్ధమున పాలస్తీనా రణరంగమునకు పోయిన మూడు సంస్థానముల ఆశ్విక దళములకు అవి గుర్తులు. ఒకటి జోధ్‌పూరుది, ఒకటి మైసూరుది, మూడవది మన హైదరాబాదుది. ఆ కూడలి పేరునకు 2018లో హైఫా అను మాటను గూడ చేర్చిరి. 1918 సెప్టెంబరు 23వ తేదీన హైఫా పట్టణముపై గుఱ్ఱములను దూకించినవారు జోధ్‌పూరు, మైసూరు రౌతులు. మనవారును ఆ బ్రిగేడులోనివారే యైనను ఆనాటి దాడి కీర్తి వారిది కాదు. కాకున్న నేమి? ఏండ్ల తరబడి ఎడారి యిసుక మ్రింగినవాడు ఒక్కనాటి పరుగులో లేనంతమాత్రమున యుద్ధము చేయనివా డగునా?

మన నగరమునుండి ఢిల్లీ చూడబోయినవారు ఆ మూడవ విగ్రహము ప్రక్కన నిలిచి ఛాయాపటములు తీయించుకొనుట నే నెఱుగుదును. ఆ దళములోని రౌతు లెవరు, ఏ గల్లీలవారు, ఏమి చూచిరి, తిరిగివచ్చి యేమి తిని బ్రతికిరి అని వారిని అడిగిచూడుడు. తెల్లమొగము వేయుదురు. ఆ యేడే, అనగా 1918లో, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానుగారికి బ్రిటిషువారు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అను బిరుదమును ప్రసాదించిరి. ఆ సంగతి మాత్రము బడిపిల్లలు సైతము అప్పగింతురు. రౌతునకు దక్కినది ఒక వెండి బిళ్ల. దాని యంచున అతని సంఖ్యయు పేరును చెక్కబడియుండును. బిరుదము చరిత్రలో చేరినది. బిళ్ల కంసాలి మూసలో కరగినది.

నా వాదము చిన్నది. యుద్ధములను గూర్చియు, సంస్థానమును గూర్చియు మనము తీర్పులమీద తీర్పు లిచ్చితిమి. కాని సాక్షిని బోనులోనికి పిలువలేదు. పిలువకుండుటయే గాక, అతడు మాటాడబోయినప్పుడెల్ల నవ్వితిమి. నవ్వినవారిలో నే నొకడను గనుకనే యీ వ్యాసము.

మా యిల్లు శాలిబండలో నుండెడిది. చార్మినారు నుండి ఫలక్‌నుమా వైపు పోవు దారిలో ఎడమచేతి గల్లీ. మా యింటి కెదురుగా ఒక వృద్ధు డుండెను. గల్లీ యంతయు ఆయనను ఖాన్‌సాబ్ అనెడిది, పిల్లలము మాత్రము ‘ఖాన్‌తాతా’ అని పిలిచెడివారము. గడియారములు బాగుచేయుట ఆయన వృత్తి. 1970 ప్రాంతమునాటికి అరువది యేండ్లకు చేరువలో నుండెను. సాయంకాలము చేయి కడుగుకొని అరుగుమీద కూర్చుండి మలయా దేశపు వానను గూర్చి చెప్పెడివాడు. ఆ వానకు వేళాపాళా లేదట. రబ్బరు చెట్లు బారులుతీరిన ఫౌజువలె నిలిచియుండునట. సముద్రపు టొడ్డున నొక విమానాశ్రయము, దానిచుట్టు ఇసుకమూటలు, రాత్రి చీకటిలో అలలమీద పడవల చప్పుడు. అంతవరకు వచ్చి ఆగిపోవును. ప్రతిదినమును అక్కడనే. ‘తర్వాత యేమాయె తాతా?’ అని మేము గోల చేసెడివారము. ఆయన తాంబూలపు డబ్బా తెఱచి సున్నము వెదకికొనెడివాడు. మాలో నొక గడుగ్గాయి ‘తర్వాత తాత పరుగో పరుగు!’ అనెను. అందఱము విరగబడి నవ్వితిమి. ఆయన ఏమియు ననలేదు. తరువాతి దినము వాన కథ చెప్పలేదు. అటుపిమ్మట ఎన్నడును చెప్పలేదు.

ఇరువదియైదేండ్లు గడచిన పిమ్మట ఒక గ్రంథాలయమున యుద్ధచరిత్ర యొకటి చదువుచుండగా ఆ విమానాశ్రయము నాకు కనబడినది. దాని పేరు కోటబహ్రు. 1941 డిసెంబరు 8వ తేదీ అర్ధరాత్రము దాటిన వెంటనే జపానువారు అచటి తీరమున దిగిరి. పెర్ల్ హార్బరుపై బాంబులు పడుటకు గంటకు పైగా ముందే యది జరిగినది. పసిఫిక్ మహాయుద్ధమునకు తొలి పోరాటము అదియే యని చెప్పవచ్చును. ఆ విమానాశ్రయమును కాపాడుటకు నియమింపబడినది హైదరాబాదు సంస్థానపు మొదటి పదాతిదళము. ఆ సాయంకాలమున పుట్టిన కలవరములో దళము వెనుదిరిగెననియు, అడ్డుపడిన దళాధిపతి హెండ్రిక్స్ తన మనుష్యుల తుపాకికే బలియయ్యెననియు చరిత్రకారులు వ్రాసిరి. పెద్ద గ్రంథములలో దాని కబ్బిన చోటు రెండు మూడు పంక్తులు. ఆ పంక్తులతో ఒక దళమంతయు పిరికిపందల గుంపుగా ముద్రపడినది.

ఆ పంక్తులు వ్రాసినవారు అబద్ధమాడిరని నే ననుట లేదు. కాని వారి కథ యెవరి నోట పుట్టినది? అధికారుల నివేదికలనుండి. సిపాయిని విచారించి వ్రాసిన పలుకు అందు నాకు కనబడలేదు. వారి కేమి ఆజ్ఞ యిచ్చిరి? విమానములును వైమానికులును ముందే వెడలిపోవుచుండగా, ఖాళీ యైన నేలను ఎవరికొరకు కాపాడవలెనని వారికి తోచెను? ఆ తుపాకి నెవరు పేల్చిరి, ఏల పేల్చిరి? ఈ ప్రశ్నలకు ఒక్క జవాబు మా గల్లీలో, మా కెదురింటి యరుగుమీద, సున్నపు డబ్బా చేతపట్టుకొని కూర్చుండియుండెనేమో. ఖాన్‌తాత ఆ దళములోనివాడే యని నేడు నేను ప్రమాణము చేయలేను. ఏలయన, అడుగలేదు. ఆయన 1983లో మరణించెను.

ఇట్టి మాట లనగానే కొందఱు పెద్దలు కనుబొమలు ముడుతురు. ‘వారు కూలికి పోరాడినవారు. జీతము కొఱకు తుపాకి పట్టినవానికి స్మృతు లేమి, చరిత్ర యేమి?’ అందురు. ఈ వాదము వినుటకు గంభీరముగ నుండునుగాని దీనిలో దయయు లేదు, తర్కమును లేదు. జీతము కొఱకు పాఠము చెప్పిన పంతులు ఆత్మకథ వ్రాసిన మనము చదువుదుము. జీతము కొఱకు తీర్పు చెప్పిన న్యాయాధిపతి జ్ఞాపకములకు పీఠికలు వ్రాయుదుము. సిపాయి జీతమున మాత్రమే మైల యున్నదా? ఇంటిలో నలుగురు పిల్లలు ఆకలిగొనియుండగా కొల్వులో చేరినవాడు, చేరునాడు ఏ సిద్ధాంతమును సంతకము చేయలేదు. వ్రేలిముద్ర వేసెను.

పాతబస్తీకి దక్షిణమున చాంద్రాయణగుట్ట దాటిన పిమ్మట బార్కస్ అను పేట కలదు. జామపండ్లకు పేరుపొందిన చోటు. అచటి పురుషులు లుంగీ కట్టు తీరును చూచి మనవారు నవ్వుదురు గాని, ఆ పేరున ‘బారక్స్’ అను ఆంగ్లపదము దాగియున్నదని, అది ఒకప్పటి సైనికుల వసతి యని గమనించినవారు తక్కువ. దక్షిణ అరేబియాలోని హద్రమౌత్ నుండి తరతరములుగా వచ్చిన అరబ్బులు నిజాముల కొల్వున సిపాయిలుగ, కోశాగారములకును దేవిడీలకును కావలివాండ్రుగ నుండిరి. జనులు వారిని చావుషు లనిరి. ఇచటి కొల్వులో జమాదారులై గడించిన కుయైతీ వంశమువారు తమ దేశమున ముకల్లా సుల్తాను లైరి. ఇదంతయు ఒక మహాకథ. 1948లో సంస్థానము పోయినప్పుడు ఈ సిపాయిల కొల్వును పోయినది. అనేకులు నిర్బంధింపబడిరి. కొందఱిని ఓడ లెక్కించి, వారిలో ననేకులు కంటితో చూచియెఱుగని ‘స్వదేశము’నకు పంపివేసిరి. మిగిలినవారు దర్జీలు, ఫలవిక్రేతలు, కావలివాండ్రు నైరి. ఆ మొదటి తరము తమ కొల్వును గూర్చి, దానిని పోగొట్టుకొన్న దినమును గూర్చి చెప్పిన మాట తెలుగున అచ్చుపడగా నా కంట బడలేదు. బార్కసుకును శాలిబండకును నడుమ నాలుగైదు మైళ్లకన్న ఎక్కువ దూరము లేదు.

రెండవ యాక్షేపణ బరువైనది. ‘ఆ ఫౌజు ప్రజలమీదికి తుపాకి త్రిప్పినది. రజాకార్ల కాలపు గాయములు మాన్పక ముందే, గాయపరచినవారి జ్ఞాపకములు వినుమనుచున్నావా?’ అని యడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. రజాకార్లు వేరు, సంస్థాన సైన్యము వేరు. ఖాసిం రజ్వీ నడపిన స్వచ్ఛంద దళమును జీతగాండ్ర సైన్యముతో ఒకటిచేసి తిట్టుట మనకు అలవాటైనది. అట్లని సైన్యమును గంగలో కడిగి తీయుటకును వీలులేదు. 1948 ఆగస్టు 27వ తేదీన భైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసలు నిలిపి కాల్చినప్పుడు రజాకార్ల వెంట ప్రభుత్వ బలములును ఉండెనని ఆ గ్రామము చెప్పుచునే యున్నది. కనుకనే నేను ద్విగుణముగ వాదింతును. ఆ సిపాయిలను పిలిచి ‘ఆ దినమున నీ వెక్కడ నుంటివి? ఏమి చేసితివి? ఏమి చేయక చూచితివి?’ అని యడుగవలసియుండెను. సాక్ష్యము వినుట యన్న సాక్షిని పల్లకి నెక్కించుట కాదు. బాధితుడు చెప్పినదే మన కున్నది. చేసినవాడు చెప్పలేదు. చెప్పనీయక, తిట్టి, మఱచితిమి. తిట్టువాడు అడుగడు, తిట్టు తినువాడు చెప్పడు.

సేనాధిపతి మాట యైనను మనకు వేగిరముగ దక్కినదా? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యములు సంస్థానమున ప్రవేశించెను. 18వ తేదీన మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. ఆ ఎద్రూస్ స్మృతులు 1994లో, ఆయన పోయిన మూడు దశాబ్దముల పిమ్మట, అచ్చుపడినవి, అదియు ఆంగ్లమున. ఆ సైనికచర్య తరువాత పల్లెలలోను పట్టణములలోను జరిగిన ఘోరములను విచారించిన సుందర్‌లాల్ సంఘపు నివేదిక దీర్ఘకాలము బీరువాలలో మ్రగ్గి, 2013 నాటికి గాని జనులు చూడ వీలుకాలేదు. అది చూడ వీలైన చోటు ఢిల్లీలో తీన్‌మూర్తి భవనపు గ్రంథాలయము. బయట కూడలిలో మన రౌతు విగ్రహము నిలిచియున్నది, లోపల మన నగరము వినని కాగితము పడియున్నది. ఈ రెంటిని చూచుటకు మనము అంతదూరము పోవలెను!

ఒకానొకడు మాత్రము నోరు విప్పెను. ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాదు వాడు. ‘జై హింద్’ అను నినాదమును కూర్చినవాడని ఆయనకు పేరు. 1943లో సుభాష్ చంద్రబోసుతో జర్మనీనుండి జలాంతర్గామిలో బయలుదేరి, మడగాస్కరు సమీపమున నడిసముద్రముపై జపాను జలాంతర్గామిలోనికి మాఱి, తూర్పునకు చేరిన సాహసికుడు. 1944లో ఆజాద్ హింద్ ఫౌజుతో ఇంఫాల్ దారిన పోయి, ఆ భయంకరమైన తిరుగుప్రయాణమున వానలో, ఆకలిలో, జ్వరములలో నడచెను. స్వతంత్ర భారతమున రాయబారిగ పనిచేసి, 1984లో ఈ నగరముననే కన్నుమూసెను. ఆయన తన యుద్ధజ్ఞాపకములకు పెట్టిన పేరు ‘ఇంఫాల్‌నుండి వచ్చిన మనుష్యులు’ అను నర్థ మిచ్చునది. నాయకుని పేరు కాదు, తన పేరు కాదు, మనుష్యులు! వెంట నడచిన సామాన్య సిపాయి నొక కథానాయకునిగ చూచు చూపు అందున్నది. కాని ఆ ప్రసంగము ఏ భాషలో? ఆంగ్లమున. ఎక్కడ? కలకత్తాలో. మన సభలు ఆయనను పిలువకపోలేదందురు. పిలిచిరి, దండ వేసిరి, నినాదము చెప్పించుకొనిరి, పంపిరి.

ఈ దండల పద్ధతిని గూర్చి రెండు మాటలు. ఏటేట డిసెంబరు 7న పతాకదినము వచ్చును, జనవరిలో మాజీ సైనికుల దినము వచ్చును. ఆనాడు ఒక ముదుసలిని వేదిక నెక్కింతురు. కుర్చీ యిత్తురు, శాలువ కప్పుదురు, మైకు ముందు నిలిపి ‘మీ వీరగాథ చెప్పుడు, అయిదు నిమిషములే’ అందురు. ఆ అయిదు నిమిషములలో భయమునకు చోటు లేదు, అతిసారమునకు లేదు, ప్రక్కవాని శవమును దాటి నడచిన రాత్రికి లేదు. అతడు సభకు కావలసినది చెప్పి దిగును. అడుగకుండుటయు, ఇట్లడుగుటయు ఒక్కటే. మొదటిది నోరు మూయుట, రెండవది నోటిలో మన మాట కుక్కుట. శాలువ వెచ్చగా నుండునేమో గాని, వినికిడికి బదులుకాదు.

‘ముసలివాని మాట నమ్మదగినదా? ఏండ్లు గడచిన కొలది కథ పెరుగును, తేదీలు తాఱుమా రగును’ అని మూడవ యాక్షేపణ. తేదీలు పొరబడును, నిజమే. తేదీల కొఱకు దినచర్యలును దస్తావేజులును ఉన్నవి. ముసలివాని నడుగవలసినది తేదీ కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణా సాయుధపోరాటమున పాల్గొనిన స్త్రీల నోటిమాటలను సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’ అను గ్రంథమును వెలువరించినప్పుడు, పురుషులు వ్రాసిన ఉద్యమచరిత్రలలో కానరాని దెంత యున్నదో బయటపడినది. ఆ స్త్రీలలో కొందఱు చదువెఱుగనివారు. అయినను ఆ పుస్తకము నిలిచినది. ఆ విద్య మనకు వచ్చును. దానిని సిపాయి గుమ్మము వఱకు తీసికొనిపోలేదు, అంతియే.

అంతకు ముందు మాటయు నున్నది. తెలంగాణమున కవులే లేరని యెవరో అన్నందులకు సురవరము ప్రతాపరెడ్డిగారు జాబులు వ్రాసి, ఊరూర వెదకించి, 354 మంది కవులను కూర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. కోపమునకు అది తగిన రూపము. పాతబస్తీ సిపాయికి స్మృతులు లేవని మనము ఏ యాధారముతో అనుకొంటిమి? ఎవరు జాబు వ్రాసిరి? ఎవరు వెదకిరి? అతని మాట ఉరుదూ యగుట యడ్డమందురా, ఆ ఉరుదూలో సగము మన వీధి తెలుగే, మిగిలిన సగమును అర్థము చేసికొనువారు ఈ నగరమున ఇంటి కొకరున్నారు.

పంజాబువారిని చూడుడు. మొదటి యుద్ధమున పనిచేసిన తమ గ్రామస్థుల పట్టికలు లాహోరు మ్యూజియములో నూఱేండ్లు పడియుండగా, వానిలోని 3,20,000 మంది పేళ్లను అంతర్జాలమున కెక్కించు పని 2021 నాటికే బహిరంగమైనది. ఒక మనుమడు తన యూరి పేరు కొట్టి తాత పేరు చదువుకొనుచున్నాడు. మన దేశముననే గోదావరి మండలమున తాడేపల్లిగూడెము చెంత మాధవర మను గ్రామము తన సిపాయిలను మఱువక ‘మిలిటరీ మాధవరము’ అని పేరు తెచ్చుకొన్నది. పల్లె చేసిన పని మహానగరము చేయలేదు. సాలార్‌జంగు మ్యూజియములో ఖడ్గములు, బందూకులు, కవచములు అద్దాల వెనుక మెఱయుచున్నవి. టిక్కెట్టు కొని చూచి వత్తుము. ఆ కాలపు సరంజామాను తుడిచి, నూనె పూసి, భుజమున మోసినవాని తాలూకు గది ఏ మ్యూజియమున నున్నది?

ఇప్పటికే ఆలస్యమైనది. కోటబహ్రులో ఇరువది యేండ్లవాడు నేడు నూఱు దాటియుండవలెను. 1948లో పతాకము దింపుట చూచిన కుఱ్ఱ సిపాయియు నూటికి దగ్గఱివాడే. ఒకరిద్దఱు మిగిలియున్న, ఈ నెలలోనే పోయి వారిచెంత కూర్చుండవలెను. కాని వారి కొడుకులును కూతుండ్రును ఉన్నారు, అరువది డెబ్బది యేండ్లవారు. తండ్రి రాత్రివేళ నిద్రలో నేమని కేకవేసెడివాడో వారికి తెలియును. భార్యకు మాత్రమే చెప్పిన మాట కూతు రొకతె వంటయింటి గోడచాటున వినియుండును. వారిచెంత కొల్వు పుస్తకము, పింఛను కాగితము, చెదలు పట్టిన ఛాయాపటము ఉండవచ్చును. కళాశాలలలో చరిత్ర చదువు యువకులు పరీక్షలకొఱకు వ్రాయు వ్యాసములలో పదింట నొకటి ఈ గల్లీల నడుమ వ్రాయరాదా? తెలుగు చదివినవా డొకడు, ఉరుదూ చదివినవా డొకడు జంటగా పోవలెను. పోయి, విజయగాథ చెప్పుమని యడుగక, కథ ఆగినచోట తామును ఆగి, సున్నము వెదకుకొనువఱకు ఊరకుండవలెను.

గత సంవత్సరము నేను శాలిబండకు పోయితిని. ఖాన్‌తాత యిల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టిరి. ఆయన మనుమడు క్రింద సెల్‌ఫోనులు బాగుచేయు దుకాణము పెట్టుకొన్నాడు. చేతిపని వంశమున నిలిచినది. నన్ను గుర్తుపట్టి, ‘బైఠియే చాచా’ అని ముక్కాలిపీట వేసెను. తాతగారి పతకములను గూర్చి యడిగితిని. నాలుగుండెనట. తండ్రి జబ్బుపడినప్పుడు జుమ్మెరాత్ బజారుకు తీసికొనిపోయిరట. వెండి కావని గీటి చూచి, అంగడివాడు నాలుగింటిని కలిపి రెండువందల రూపాయ లిచ్చెనట. ‘కాగితము లేమైన నున్నవా?’ అంటిని. ఒక రేకు పెట్టె యున్నదనియు, మేడమీద అటకపై నున్నదనియు, తాళముచెవి పోయినదనియు చెప్పెను. విఱుగగొట్టి చూతమా అంటిని. అతడు కొంచెము ఆలోచించి, ‘మా నాన్నమ్మ దానిని ఎవ్వరిని ముట్టనిచ్చెడిది కాదు చాచా, మా ఫుప్పునడిగి చెప్పెదను’ అనెను. ఆయమ్మ యాకుత్‌పురాలో నున్నదట. ఎనుబది యేండ్లట. వచ్చే శుక్రవారము నమాజు తరువాత ఇరువురము కలిసి పోవుటకు నిశ్చయించుకొంటిమి.